ఆరడుగుల కర్ర

మా బావమరిదికి ముందే తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాడు. నా భార్య రంపపు పొట్టు మధ్య ప్రాణం వదలడానికి కారణం అతనే. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

నేను వడ్రంగిని. ఇరవై ఏళ్లకు పైగా ఇంటి ముందు గదిలోనే పని చేశాను. ఆ గదికీ ఆమె పడుకునే గదికీ మధ్య ఒక్క తలుపు. అదీ నేను చేసిందే, వెంట్రుక దూరే సందు లేకుండా చేశాను. అయినా పొట్టు వెళ్లేది. దుప్పటి దులిపితే లేచేది, మంచినీళ్ల మీద తేలేది. ఆమెకు దగ్గు మొదట చలికాలంలో వచ్చేది. తరువాత అన్ని కాలాల్లోనూ ఉండిపోయింది. డాక్టరు ఎక్కువ మాట్లాడలేదు.

"రంపమైనా బయటికి పోవాలి, ఈవిడైనా పోవాలి. తొందరగా తేల్చుకోండి," అన్నాడు.

ఆమె వెళ్లడానికి వేరే చోటు లేదు. రంపమే వెళ్లాలి.

పెరట్లో ఇటుకలతో కడితే ఏడాది పడుతుంది. ఉక్కు షెడ్డయితే ఫ్యాక్టరీ నుంచి ముక్కలుగా వస్తుందని, బోల్టులు బిగించి నిలబెట్టుకోవడమేనని బావమరిది చెప్పాడు. అతను గేట్లకు, గ్రిల్లులకు వెల్డింగ్ చేస్తాడు. మూడు కంపెనీల పుస్తకాలు తెచ్చి అక్క మంచం మీద పడేశాడు. నేను నెల రోజులు చూశాను. ఒకదాని రేకు పలచన. ఒకదాని కప్పు మీది వాన నీళ్లన్నీ తలుపు ముందే పడతాయి. ఒకదానికి నడిమధ్యన స్తంభం ఉంది. పన్నెండడుగుల చెక్కను తిప్పాలంటే ముందు దానికి దణ్ణం పెట్టుకోవాలి.

"నన్ను చేసుకునేటప్పుడు కూడా ఇంతసేపు చూడలేదు మీరు," అంది ఆమె.

"అప్పుడు మీ నాన్న మూడు పుస్తకాలు తెచ్చి చూపించలేదు."

"తెచ్చుంటే ఇంకా చూస్తూనే ఉండేవారు. నేను మా ఇంట్లో హాయిగా ఉండేదాన్ని."

నవ్వితే దగ్గు వస్తుందని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

చివరికి ఆమే వేలు పెట్టి చూపించింది. ఇరవై నాలుగడుగుల వెడల్పు, మధ్యలో స్తంభాలు లేవు, తలుపు వెనక సందు వైపు. "పొట్టు సందులోకి పోతుంది. మీరు నాకు కనపడరు. రెండూ మంచివే," అంది.

ఇలాంటి షెడ్డుకు ముందు నేల సిద్ధం చేయాలి. కాంక్రీటు పోసి, కాళ్లు నిలబడే చోట బోల్టులు పైకి వచ్చేలా పాతాలి. కాళ్ల కింది పలకలకు ఫ్యాక్టరీలోనే రంధ్రాలు వేసి పంపుతారు. బోల్టూ రంధ్రమూ కలవాలి. అంతే పని.

బావమరిది టేపు తీశాడు. నేను కర్ర తీశాను. మా నాన్న కర్ర అది, ఆరడుగులు. ఆయన పని చేసిందీ దానితోనే, నేను చేసిందీ దానితోనే.

"బావా, కర్ర వద్దు. ఫ్యాక్టరీ వాళ్లు టేపుతో కొలుస్తారు."

"నీ టేపు సాగుతుంది. నా కర్ర సాగదు."

"సాగదులే గానీ, దానికి నాకంటే రెట్టింపు వయసు."

"నీకంటే రెట్టింపు బుద్ధి కూడా ఉంది. పక్కకి జరుగు."

నాలుగు కర్రలు, ఇరవై నాలుగడుగులు. బోల్టులు నిలబెట్టాను, కాంక్రీటు పోయించాను. సాయంత్రం నేను చేతులు కడుక్కుంటుండగా అతను ఈ చివర నుంచి ఆ చివరకు టేపు పరిచి కొలవడం చూశాను. రెండుసార్లు కొలిచాడు. టేపు చుట్టి జేబులో పెట్టుకుని అక్క గదిలోకి వెళ్లాడు. కాసేపటికి బయటికి వచ్చి, "వెళ్లొస్తా బావా," అన్నాడు. తడి కాంక్రీటులో బోల్టును జరపడానికి ఒక్క మాట చాలు. ఆ మాట అనలేదు.

పది రోజుల తరువాత లారీ వచ్చింది. నలుగురు కూలీలు తాళ్లు కట్టి మొదటి చట్రాన్ని లేపారు. ఒక కాలు బోల్టుల మీద కూర్చుంది. రెండో కాలు అంగుళం అవతల ఆగిపోయింది.

"కడుపు కాస్త లోపలికి పీల్చమనండి దాన్ని," అన్నాడు కూలీల్లో ఒకడు. ఎవరూ నవ్వలేదు.

"ఏం పర్లేదు బావా," అన్నాడు బావమరిది. "ఆ వైపు రంధ్రాలు అంగుళం కోసి, మీద మందపాటి పలక పెట్టి వెల్డు కొడతా. మధ్యాహ్నానికి అయిపోతుంది. కట్టర్ వ్యాన్‌లోనే ఉంది."

"బోల్టులు బిగించే పనికి కట్టర్ ఎందుకు తెచ్చావు?"

అతను వ్యాన్ వైపు చూశాడు.

"పలకలు కూడా కోసుకొచ్చావా?"

"అన్ని చట్రాలకీ సరిపడా తెచ్చాను, బావా."

"అయితే అన్నీ తీసుకుని పో. కోసి అతికించిన షెడ్డులో నేను పని చేయను."

"అక్క కోసమైనా..."

"మీ అక్క సంగతి నేను చూసుకుంటా."

చట్రాన్ని దించేశారు. ఒక వైపు కాంక్రీటు మొత్తం నేనొక్కణ్నే ఉలీ సుత్తీ పట్టుకుని పగలగొట్టాను. పొద్దున పెరట్లో అది, మధ్యాహ్నం నుంచి ముందు గదిలో ఒప్పుకున్న తలుపులు. రంపం ఆగలేదు. ఆమె తన గది తలుపు వేసుకుని పడుకునేది.

"ఏమండీ, ఎంతవరకు వచ్చింది?" అని లోపల్నుంచి అడిగేది.

"అయిపోవచ్చింది," అనేవాణ్ని.

ముప్పై ఎనిమిదో రోజు అడగలేదు.

ఆ తరువాత తొమ్మిది రోజులకు షెడ్డు లేచింది. ఈసారి చట్రాన్నే నేల మీద పరిచి, రంధ్రాల్లోంచి గుర్తులు పెట్టాను. ప్రతి బోల్టూ సరిగ్గా కూర్చుంది. రంపాన్ని అందులోకి మార్చాను. ముందు గది ఖాళీ అయింది. తలుపు అవతలి గదిలో పడుకోవడానికి ఎవరూ లేరు.

బావమరిది ఒకసారి వచ్చాడు. లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"బావా, ఆరోజు నేను చెప్పేవాణ్నే. అక్కే వద్దంది. 'ఆ కర్రని తప్పంటే ఆయన అలిగి పనే ఆపేస్తారు. నువ్వే ఎలాగోలా సర్దెయ్,' అంది."

"పోయినావిడ మీదికి తోసేయడం సులువు."

అతను చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

తరువాత ఆమె కుట్టుమిషన్‌ను షెడ్డులోకి మారుద్దామని, బరువు తగ్గుతుందని సొరుగు లాగి బోర్లించాను. దారపుండలు దొర్లాయి. సొరుగు అడుగున పెన్సిలు రాత కనిపించింది. మేము మొదట అద్దెకున్న ఇంటి కిటికీ తెరలకు కొలతలు. వాటి కింద, "ఆయన కర్ర కొలతలో ఆరడుగులకు పావంగుళం తగ్గించి కత్తిరించాలి."

ఆ ఇల్లు వదిలి ఇరవై ఏళ్లు దాటింది.

టేపు కొనుక్కొచ్చి కర్రను కొలిచాను. ఒక కొన అరిగిపోయింది. కర్రకు పావంగుళం, నాలుగు కర్రలకు అంగుళం. పల్లె బడిలో నేర్చిన లెక్కకే అందుతుంది. ఆ కర్రతో కొలిచిన తలుపు, ఆ కర్రతోనే కొలిచిన గుమ్మానికి ఎప్పుడూ సరిపోయింది. పరాయి కొలతతో పని పడింది ఈ ఒక్కసారే. ఆమె కుట్టిన తెరలు కూడా ప్రతి ఇంట్లోనూ సరిగ్గానే వేలాడాయి. నా కొలత గొప్పదనుకున్నాను.

బావమరిదికి కబురు పెట్టలేదు. పెట్టను. అక్క వద్దన్నా అతను చెప్పి ఉండాల్సింది. ఆమె ఇరవై ఏళ్ల కిందటే చెప్పి ఉండాల్సింది. చెబితే నేనేం చేసేవాణ్నో వాళ్లిద్దరికీ తెలుసు. నాకూ తెలుసు.

షెడ్డు బాగుందనీ, ఎలా కట్టావనీ అడిగేవాళ్లు వస్తుంటారు. తలుపు కావాలంటే కొలత చెప్పమంటాను, లేదంటే వెళ్లమంటాను. ఇది ఒక్కసారి చెప్పాను. మళ్లీ నా నోట రాదు.