యెసేనియాకు అందని స్వరం

శనివారం సాయంత్రం కచేరీ అయింది. ఆదివారం పొద్దున మా రేడియోలో దాని మీద చర్చ. చర్చ మొదలుకాకముందే నాకు నీరసం వచ్చేసింది. ఇబగే ఊళ్ళో ఒక చిన్న స్టేషన్‌లో మీటలు నొక్కే పని నాది. పాటల గురించి జనం కీచులాడుకోవడం వినీ వినీ నా చెవులు ఎప్పుడో మొద్దుబారాయి.

మా ఆదివారం కార్యక్రమం నడిపేది ఇద్దరు. ఎవేలియో తఫూర్ ఒకప్పుడు పెళ్ళిళ్ళలో బొలేరోలనే ప్రేమపాటలు పాడేవాడు. ఇప్పుడాయన గొంతు మాటలకే సరిపోతోంది, ఆ లోటు మాటలతోనే తీర్చుకుంటాడు. రెండో మనిషి ఒఫేలియా బుయిత్రాగో. మూడు తరాల పిల్లలకు బృందగానం నేర్పిన పంతులమ్మ. ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ ఆమెను ‘ప్రొఫే’ అనే పిలుస్తారు. ఆమె దగ్గర పాట నేర్చుకున్న పిల్లే యెసేనియా లొసానో. సంతలో లెచోనా, అంటే చర్మంతో కాల్చిన పందిమాంసం, అమ్ముకునే ఎల్సీరా కూతురు.

ఆ యేడు టీవీ పాటల పోటీలో యెసేనియా మూడో స్థానం తెచ్చుకుంది. చివరి రోజు ఊళ్ళో బస్సులు కూడా ఆగిపోయాయి. డ్రైవర్లు దిగి చికెన్ కొట్టు ముందు నిలబడి టీవీ చూశారు. ఆమె పాటలో పతాకస్థాయి స్వరం ఒకటుంది. అది అందుకున్నప్పుడు మా వీధిలో కుక్కలు కూడా మొరగడం ఆపాయని మా అత్త ఇప్పటికీ చెబుతుంది.

పోటీ ముగిశాక, చివరిదాకా నిలిచిన పిల్లలందరినీ ఒక బస్సెక్కించి ఊరూరా కచేరీలకు తిప్పారు. అలా మా ఊరికీ వచ్చారు.

మేం ముగ్గురం కలిసే వెళ్ళాం. గెలిచిన కుర్రాడు బ్రెయ్నర్, సముద్రం వైపు వాడు, వేదికంతా కలియదిరిగాడు. దూకాడు, గిరగిరా తిరిగాడు, మోకాళ్ళ మీద జారాడు. పాట మాత్రం గీత గీసినట్టు తిన్నగా సాగింది. జనం వెర్రెత్తిపోయారు. తరవాత యెసేనియా వచ్చింది. మొదటి చరణం గుంభనగా పాడింది. ఆ స్వరం దగ్గరకు వచ్చేసరికి గొంతు పాతగుడ్డలా చిరిగింది. రెండోసారి ఆ చోటు రాగానే మైకు జనం వైపు తిప్పేసింది. కొందరు పాడారు. మా వెనక ఎవడో ఈల వేశాడు.

“అయిపోయింది, పిల్ల పనైపోయింది,” అన్నాడు ఎవేలియో నా చెవిలో.

ప్రొఫే ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది.

మర్నాడు కార్యక్రమానికి ముందు ఎవేలియో కాఫీ కోసం కిందికి వెళ్ళాడు. అప్పుడు తలుపు తోసుకుని యెసేనియా వచ్చింది. ఆ ఉక్కలో కూడా మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకుంది.

“ప్రొఫే, ఇవాళ నా గురించే కదా మాట్లాడతారు?” గుసగుసగా అడిగింది. కావాలని చేసే గుసగుస కాదు, ఆమెకు ఇక మిగిలింది అంతే.

“మరెవరి గురించి? కూర్చో. ఎన్నాళ్ళ నుంచే ఇలా?”

“బుకరామంగా కచేరీ నుంచి.”

“డాక్టరుకి చూపించావా?”

“చూపించాను. నోరెత్తొద్దన్నాడు. నేను పాటే ఎత్తాను.” నవ్వింది. ఆ నవ్వుకు చప్పుడు లేదు.

“మిగతావాళ్ళకి బాగానే ఉందే?”

యెసేనియా నా వైపు చూసింది. ప్రొఫే తల ఊపింది, ఫరవాలేదు చెప్పమన్నట్టు.

“వాళ్ళకి రికార్డు వేస్తారు. పెదాలు కదిపితే చాలు. నాకూ వేస్తామన్నారు, నేనే వద్దన్నాను. మా ఊళ్ళో, మా అమ్మ ముందు, ఉత్తినే నోరు కదపమంటే ఎలా ప్రొఫే?” కాసేపు ఊపిరి పీల్చుకుంది. “కానీ ఇది రేడియోలో అనకండి. వాళ్ళూ నాలాగే అలిసిపోయిన పిల్లలు. బ్రెయ్నర్ పొద్దున్నే లేచి నాకు నిమ్మకాయ వేసి బెల్లం నీళ్ళు కాచి ఇస్తాడు. వాడి పరువు తీయకండి. నా జబ్బు సంగతీ చెప్పకండి, బస్సులోంచి దింపేస్తారు.”

“అయితే నన్నేం చెప్పమంటావే తల్లీ?”

“చెడగొట్టానని చెప్పండి. అది నిజమేగా.”

బస్సు తరవాతి కచేరీ ఊరు నేయ్వాకు బయల్దేరడానికి ఇంకా వ్యవధి ఉంది. వింటాను అంటూ, స్టూడియో అద్దానికి ఇవతల, నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎవేలియో కాఫీతో వచ్చి, ఆమెను గమనించకుండానే ప్రొఫే వెనకే లోపలి గదిలోకి వెళ్ళి మైకు ముందుకు జరుపుకున్నాడు.

ఫోన్లు మొదలయ్యాయి. మొదట ఒక మాంసం కొట్టు ఆయన: “ఆ బ్రెయ్నర్ అంతలేసి గంతులేసినా ఊపిరి చప్పుడైనా వినబడలేదండీ. గాయకుడంటే వాడూ!” యెసేనియా కళ్ళు మూసుకుంది. తరవాత ఒకావిడ: “మన పిల్ల మన ముందే పరువు తీసింది. పక్క ఊళ్ళో అయినా బాగుండేది.” ఇంకొకాయన తప్పు సౌండ్ వాళ్ళదన్నాడు. మరొకాయన, తెల్లచొక్కాలో పాడితే అలాగే అవుతుందన్నాడు, ఎందుకో చెప్పలేదు.

ఎవేలియోకి హుషారొచ్చింది. “టీవీలో గొంతుకి ఇస్త్రీ చేసి పంపిస్తారండీ. స్టేజీ ఎక్కేసరికి ముడతలన్నీ బయటపడతాయి. నిన్న మనం చూసింది ముడతలే. ప్రొఫే, మీరేంటి ఇవాళ నోట్లో బెల్లంముక్క పెట్టుకుని కూర్చున్నారు? మీ శిష్యురాలే కదా!”

ప్రొఫే అద్దంలోంచి ఇటు చూసింది. యెసేనియా చూపు నేల మీదుంది.

“చెడగొట్టింది,” అంది ప్రొఫే. “పై స్వరం తెగింది. రెండోసారి దాని జోలికి పోలేదు. నేను దాచను.”

“చూశారా!”

“ఆగవయ్యా. నువ్వు పెళ్ళిళ్ళలో పాడేవాడివి. నీ గొంతు ఎప్పుడూ తెగలేదా?”

“తెగకేం. బోలెడుసార్లు.”

“ఎందుకు తెగింది?”

“పాడుతున్నాను కాబట్టి...” అని ఆగిపోయాడు. ముఖం మారింది. ఏదో అడగబోయి, ఆమె కళ్ళు చూసి మానుకున్నాడు. మా స్టేషన్‌లో ఎవేలియో మాట మధ్యలో ఆగడం నేను అంతకుముందు చూడలేదు. కాగితాలు అటూ ఇటూ జరిపి, “ఇంకో ఫోన్ తీసుకుందాం,” అన్నాడు.

ఆ ఫోన్లో వెనక సంత గోల, కత్తి చప్పుడు.

“నేను ఎల్సీరాను. యెసేనియా వాళ్ళ అమ్మని.”

“చెప్పండమ్మా,” అన్నాడు ఎవేలియో మెల్లగా.

“నిన్న చివరి వరసలోంచి విన్నాను. మొదటి మాటకే తెలిసింది, పిల్ల గొంతు బాగాలేదని. అది చిన్నప్పుడు జ్వరంలో ఇలాగే పాడేది. మీరంతా బాగుందా బాగాలేదా అని కొట్టుకుంటున్నారు, బాగానే ఉంది, కొట్టుకోండి. ఆదివారం పూట మీకూ పొద్దుపోవాలి. ఎవరికైనా అది కనబడితే నా దగ్గరికి పంపండి. కోడి పులుసు పెట్టాను.” వెంటనే ఎవరితోనో, “చర్మం కావాలా నీకు?” అంటూ ఫోన్ పెట్టేసింది.

నేను పాట వేశాను. ఏ పాటో గుర్తులేదు. యెసేనియా వెక్కడం లేదు, కన్నీళ్ళు మాత్రం గడ్డం మీంచి ఆ ఉన్ని గుడ్డలోకి పోతున్నాయి.

“నిడియా, టాక్సీకి ఫోన్ చెయ్యవా?” అని నన్నడిగింది.

“హోటల్‌కేనా?”

అడ్డంగా తలూపింది. “సంతకి.”

బస్సు ఆమె లేకుండానే నేయ్వా వెళ్ళిపోయింది. సొంత కారణాల వల్ల మానుకుందని నిర్వాహకులు ప్రకటించారు. తరవాతి ఆదివారం దాని మీదా ఫోన్లొచ్చాయి. పొగరన్నారు, పిరికిదన్నారు, ప్రేమ వ్యవహారమన్నారు. ప్రొఫే ఆ ఆదివారం తలనొప్పని రాలేదు. ఎవేలియో ఒక్కడే కూర్చుని, అందరికీ “కావచ్చు, కావచ్చు” అంటూ గడిపాడు.

యెసేనియా చాలా రోజులు మాట్లాడలేదు. పలక మీద రాసి చూపించేది. మళ్ళీ పాట మొదలుపెట్టేసరికి గొంతు కిందికి దిగి స్థిరపడింది. ఆ పై స్వరం తిరిగి రాలేదు. ఇప్పుడు ప్రొఫే బృందంలో మంద్రస్థాయి వాళ్ళ వరసలో నిలబడుతుంది. బ్రెయ్నర్ అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాడట, అతనికీ కచేరీలు తగ్గాయట.

మొన్న ఈస్టర్‌కు ముందు చర్చిలో విన్నాను. ఒంటరిగా పాడింది రెండే వాక్యాలు. నా పక్కన కూర్చున్నావిడ, “పాపం, టీవీలో ఎంత బాగా పాడేది,” అంది. ఆవిడ భర్త, “ఇదే బాగుంది,” అన్నాడు. ఇద్దరూ పూజ అయ్యేదాకా గొణుక్కుంటూనే ఉన్నారు. నేను పని దినాల్లో వినేది చాలని, లేచి వెనక బల్ల మీదికి మారి కూర్చున్నాను.