తొమ్మిదిమంది పట్టే బండి

"డ్రైవరు గాక ఏడుగురు సుబ్బరంగా పడతారు!" అన్నాడు దొక్‌చాన్, నిగనిగలాడే కాగితాన్ని అందరికీ కనబడేలా ఎత్తిపట్టి. "డీజిలు బండి. తోలు సీట్లు. మా బావమరిది షాపులోది, రిపేరొచ్చినా ఇంట్లో మనిషే చూసుకుంటాడు. ఇంక మీ కష్టాలు తీరినట్టే."

ఒడ్డున రాతిగోడల చాటున, పొయ్యి చుట్టూ కూర్చున్నది తొమ్మిదిమంది. జెజు దీవిలో సముద్రపు అడుగుకు మునిగి గుల్లలు ఏరుకొచ్చే ఆడవాళ్లు. అప్పుడే నీళ్లలోంచి వచ్చి, రబ్బరు తొడుగులు నడుం దాకా ఊడదీసి, వీపులు కాచుకుంటున్నారు. అందరిలో పెద్దవాళ్లు ఇద్దరు: డెబ్బై ఆరేళ్ల మేవోల్ అవ్వ, డెబ్బై తొమ్మిదేళ్ల సూన్‌బొక్ అవ్వ. మేవోల్ అవ్వ ఆ కాగితం వైపు చూసింది, పొయ్యి చుట్టూ ఉన్నవాళ్లను చూసింది, మళ్లీ కాగితం చూసింది.

"ఏడుగురైతే మిగతా ఇద్దరం ఎక్కడ కూచోవాలి నాయనా? నీ నెత్తినా?"

అందరూ నవ్వారు. దొక్‌చాన్ నవ్వలేదు. అతను చేపలవాళ్ల సంఘానికి పెద్ద. మనిషి చెడ్డవాడు కాదు, కాకపోతే అందరి మంచీ తనకే తెలుసనుకునే రకం. అలాంటివాళ్లతోనే ఎక్కువ చావు.

"అది కాదు పెద్దమ్మా," అన్నాడు, గొంతులో తేనె పూసుకుని. "మీరూ సూన్‌బొక్ పెద్దమ్మా అరవయ్యేళ్లు మునిగారు. చాలదా? మానేసినవాళ్లకి ప్రభుత్వం నెలనెలా డబ్బులిస్తోంది. ఊరంతా కలిసి సన్మానం చేస్తాం, శాలువా కప్పుతాం. హాయిగా ఇంట్లో కూచుని టీవీ చూసుకోండి."

"ఏమంటాడే?" అంది సూన్‌బొక్ అవ్వ. లోతు నీళ్లు ఆమె ఎడమ చెవిని ఎప్పుడో తినేశాయి.

"మనల్ని టీవీ ముందు పాతిపెడతాడటే!" అని అరిచింది మేవోల్ అవ్వ.

అంతటితో ఆగినా బాగుండేది. దొక్‌చాన్ లేచి గోడమీది నల్లబల్ల దగ్గరికి వెళ్లాడు. రోజూ నీళ్లలోకి దిగేవాళ్లు ఎంతమందో ఆ బల్ల మీద సుద్దతో రాయడం సంఘం పెద్ద పని. అంతమందీ ఒడ్డుకు వచ్చి పొయ్యి చుట్టూ కూర్చుంటే గానీ ఆ అంకె చెరపకూడదు. ఒకసారి, చాలా ఏళ్ల కిందట, ఆరు అని రాసిన అంకె మూడు రోజులు చెరపకుండా ఉండిపోయింది. ఆ ఆరోమనిషి మేవోల్ అవ్వ సొంత చెల్లెలు. దొక్‌చాన్ ఇప్పుడు ఆ బల్లమీది తొమ్మిదిని చొక్కా చేతితో తుడిచేసి, ఏడు రాసి, చుట్టూ సున్నా చుట్టాడు. "ఇక నుంచి ఇదీ లెక్క," అన్నాడు.

మేవోల్ అవ్వకు ఒళ్లు మండిపోయింది. ఏళ్ల తరబడి ఆమెను కలపకుండా ఆ బల్ల మీద అంకె పడడం అరుదు. జ్వరమొచ్చినా, మొగుడు పోయినా, పదిరోజులాగి మళ్లీ దిగింది. ఇవాళ వీడెవడో సుద్దముక్కతో ఆమెను సముద్రంలోంచి తుడిచేస్తాడా?

"నేను తల ఊపను," అంది.

పొయ్యి దగ్గర మాట తెగాలంటే తొమ్మిది తలలూ ఊగాలి. ఇది సంఘం పుట్టకముందునుంచీ ఉన్న కట్టుబాటు. దొక్‌చాన్ తాత కూడా దాన్ని దాటలేకపోయాడు.

"పెద్దమ్మా, మొండితనం చెయ్యకండి. పాత ట్రక్కుకి పర్మిట్ పోయింది. వెనక మనుషుల్ని నిలబెట్టుకుపోతే పోలీసులు పట్టుకుంటున్నారు. మునిగే చోట్లు చూస్తే ఒకటి నాలుగు కిలోమీటర్లు, ఒకటి పన్నెండు. నడిచి పోతారా?"

"బండి వద్దన్నానా? ఈ బండి వద్దన్నా. ఇంకోటి చెప్తా విను. నీ తమ్ముడు ఒడ్డున ట్రక్కు పెట్టి, లోపల వెచ్చగా కూచోడానికి గంటలు గంటలు ఇంజను ఆపడు. నేను రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టి పైకొచ్చి నోరు తెరిస్తే, మొట్టమొదట లోపలికి పోయేది మీ డీజిలు పొగే. నీకు తెలుసా ఆ మొదటి ఊపిరి అంటే ఏంటో? పైన అమ్మ ఉన్నట్టుంటుంది. దాంట్లో మీరు పొగ కలిపారు. కొత్త బండిలోనూ అదే కలుపుతానంటున్నావు."

అందరి గొంతుల్లోనూ ఆ పొగ ఉంది, ఇన్నాళ్లూ ఎవరూ బయటికి అనలేదు, అంతే. మునిగేవాళ్ల నాయకురాలు జంగ్‌సిల్ తల దించుకుని కట్టెను ఎగదోసింది.

దొక్‌చాన్‌కు రోషం వచ్చింది. "సరే! పదిరోజులు ఆగుతా. తొమ్మిదిమందీ పట్టాలి, నీళ్లలో తేలడానికి పట్టుకునే మీ బుర్రలూ వలలూ పట్టాలి, తక్కువ ఖర్చులో తిరగాలి, పొగ రాకూడదు. అలాంటిది ఉంటే తెచ్చి చూపించండి. లేకపోతే పదకొండో రోజు నేను సంతకం పెట్టేస్తా, ఎవరి తల ఊగినా ఊగకపోయినా!"

"రాసిపెట్టుకో," అంది మేవోల్ అవ్వ.

మర్నాడు మునకలు అయ్యాక ఆమె ఎవర్నీ బట్టలు మార్చుకోనివ్వలేదు.

"రబ్బరు తొడుగులు అలాగే ఉంచండి. బుర్రలు పట్టుకోండి, వలలు పట్టుకోండి. మునగడానికి నడికట్టుకి కట్టే సీసపు బిళ్లలు కూడా."

"ఇలాగా షోరూమ్‌కి?" అంది మిరే. ఆ గుంపులో అందరికన్నా చిన్నది, ముప్పై తొమ్మిదేళ్లది. పట్నంలో ఆఫీసు ఉద్యోగం వదిలేసి వచ్చింది. "పెద్దమ్మా, తలెత్తుకు తిరగొద్దా మనం?"

"చెప్పులు కొనేటప్పుడు కాలు పెట్టి చూడవా? ఇదీ అంతే. పొడి బట్టలేసుకుని ముచ్చటగా కూచుంటే ఏ బండైనా పడుతుంది. మనం తడిసి, చలికి ముడుచుకుపోయి, బరువులు మోసుకుంటూ ఎక్కినప్పుడు పట్టాలి."

బస్సు డ్రైవరు వాళ్లను చూసి తలుపు మూసెయ్యబోయాడు. జంగ్‌సిల్ తన నారింజరంగు బుర్రను తలుపు మధ్యలో దూర్చింది. తొమ్మిదిమందీ నల్లగా, నీళ్లు కారుస్తూ, సముద్రపు నాచు వాసనతో వరసగా ఎక్కారు. పక్క సీట్లవాళ్లు పట్నం దాకా కాళ్లు పైకి పెట్టుకునే కూచున్నారు.

షోరూమ్‌లో షిన్ అనే కుర్ర సేల్స్‌మన్ మొదట నోరు వెళ్లబెట్టాడు, తరవాత మెరిసే నేల వైపు చూసుకున్నాడు, ఆ తరవాత తేరుకుని కాగితపు కప్పుల్లో తీపి కాఫీ కలిపి తెచ్చాడు. పెంపకం మంచిదే. మొదట చూపించిన చిన్న కరెంటు కారు చుట్టూ సూన్‌బొక్ అవ్వ ఒకసారి తిరిగొచ్చింది.

"ముద్దుగా ఉంది. పెద్దయ్యాక తీసుకుందాంలే," అంది.

రెండోది ఎత్తైన బండి. మేవోల్ అవ్వ మోకాలు ఎత్తి మెట్టు మీద పెట్టబోయి, పెట్టలేక దించేసింది. ఎవరూ చూడలేదనుకుంది గానీ షిన్ చూశాడు. కాసేపు తటపటాయించి, వాళ్లను షోరూమ్ వెనక్కి తీసుకెళ్లాడు. గోడవారగా, దుమ్ముకొట్టుకుని, కోడిగుడ్డు పచ్చసొన రంగులో ఒక పెద్ద బండి ఉంది.

"ఇది పసిపిల్లల బడివాళ్లు చెప్పి చేయించుకున్నారు, అమ్మమ్మా. బండి తయారై వచ్చేసరికి బడి మూసేశారు. చేరడానికి పిల్లల్లేరట. పదకొండు సీట్లు, మొత్తం కరెంటే. ఎవరికి చూపించినా పసుపని నవ్వి పోతున్నారు."

మెట్టు మూడేళ్ల పిల్లలు ఎక్కేలా కిందికి ఉంది. నేలకు తివాచీ లేదు, గొట్టం పెట్టి కడిగెయ్యగలిగే రబ్బరు. ఎవరూ ఏమీ అనకుండానే తొమ్మిదిమందీ ఎక్కేశారు. బుర్రలు వెనక పెట్టారు, వలలు సీట్ల కింద దోపారు, సూన్‌బొక్ అవ్వ కాళ్లు బారజాపింది. ఇంకా రెండు సీట్లు మిగిలాయి. మేవోల్ అవ్వ బేరానికి వచ్చినప్పుడు సంతోషం ముఖంలో కనబడనిచ్చే మనిషి కాదు.

"బాబూ, ఇది ఒక్క ఊపిరికి ఎంత దూరం పోతుంది?"

షిన్‌కు ఒక్క క్షణం అర్థం కాలేదు, తరవాత అర్థమైంది. "ఒక్కసారి చార్జింగ్ పెడితే మన దీవి చుట్టూ ఒక చుట్టు తిరిగి, ఇంకా కొంత మిగులుతుంది."

"అది కాగితం మీద. జనవరిలో? లోపల హీటరు వేసి, తడిసిన ఆడవాళ్లు తొమ్మిదిమందిని వేసుకుని?"

షిన్ భుజం మీంచి వెనక్కి చూసి గొంతు తగ్గించాడు. "మూడో వంతు తగ్గిపోద్ది అమ్మమ్మా. అబద్ధమెందుకు చెప్పాలి?"

మేవోల్ అవ్వ మొదటిసారి నవ్వింది. మునిగేవాళ్లకు మొట్టమొదట నేర్పేది అదే: నీ ఊపిరి ఎక్కడ అయిపోతుందో తెలుసుకో. తెలియనివాళ్లు పైకి రారు. చెల్లెలికి తెలియలేదు. ఎక్కడ అయిపోతుందో దాచకుండా చెప్పే బండి దొరికింది, చెప్పే మనిషీ దొరికాడు. మూడో వంతు పోయినా మునిగే చోట్లకు వారం రోజులు పోయిరావచ్చు. "ఇదే," అంది.

తొమ్మిదో రోజున షిన్ ఆ బండిని పొయ్యి దగ్గరికి తెచ్చి నిలబెట్టాడు. దొక్‌చాన్ దాని చుట్టూ తిరిగి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"పసిపిల్లల బడి బండా! ఊళ్లన్నీ ఏమంటాయి? పండుముసలాళ్లు పలకా బలపం పట్టుకుని పోతున్నారంటాయి!"

"అననీ," అంది మేవోల్ అవ్వ. "పడతామా లేదా?"

"పడతారు."

"పొగ?"

"రాదు."

"మేం నీళ్లలో ఉన్నంతసేపూ హీటరు పెట్టి ఉంచినా రాదు. ఖర్చు నీ డీజిల్లో నాలుగో వంతు. ఇంకేం కావాలి నీకు?"

దొక్‌చాన్ నవ్వు ఆపాడు. అతను ఇంకొక అభ్యంతరం దాచిపెట్టుకున్నాడు. అది తియ్యడానికి కొంచెం బాధపడ్డాడు కూడా, అతని ముఖం చూస్తే తెలిసింది.

"పెద్దమ్మా, పదకొండు సీట్ల బండి నడపాలంటే ఒకటో తరగతి లైసెన్సు కావాలి. మా తమ్ముడిది రెండో తరగతి. పది సీట్లు దాటితే వాడు ముట్టుకోకూడదు. మిరేదీ రెండోదే. జంగ్‌సిల్‌కి అసలే లేదు. నేను పొద్దున్నే పడవల దగ్గర ఉండాలి. జీతమిచ్చి మనిషిని పెట్టే స్తోమతు మనకి లేదు. మరి ఎవరు తోల్తారు దీన్ని? నువ్వా?"

పెద్దమ్మను 'మీరు' అనడం కూడా మరిచిపోయాడు.

మేవోల్ అవ్వ తొందరపడలేదు. రబ్బరు తొడుగు మెడ దగ్గర చెయ్యి పెట్టి, లోపల ప్లాస్టిక్ సంచిలో దాచిన కార్డు తీసి, నీళ్లు దులిపి, అతని ముక్కు ముందు పెట్టింది.

"ఒకటో తరగతి. చదువుకో. మా ఆయన నడుం విరగ్గొట్టుకున్నాక మీ నాన్న కమలా తోట పళ్లు రేవుకి తోలింది ఎవరనుకున్నావు? ఆ లారీ వెనకాల వేలాడి, కమలాలు దొంగిలించి, నాచేత తన్నులు తిన్నది ఎవరనుకున్నావు?"

అందరూ దొక్‌చాన్ వైపు చూశారు. యాభై ఎనిమిదేళ్ల మనిషి చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది పాతది పెద్దమ్మా. ఈ వయసులో..."

"తారీఖు చూడు. డెబ్బై అయిదు దాటినవాళ్లకి పెట్టే పరీక్ష పోయిన వసంతంలోనే అయింది. గడియారం బొమ్మ గీసి పది గంటల పది నిమిషాలు చూపించమన్నారు, చూపించాను. మూడేళ్ల దాకా నన్ను ఎవడూ అడగడానికి లేదు. ఆ తరవాత చూపు ఆనకపోతే నేనే తాళం చెవులిచ్చేస్తా, నువ్వు తుడవక్కర్లేదు. నా ఊపిరి ఎక్కడ అయిపోతుందో నాకు తెలుసు దొక్‌చానూ. నీకు తెలీదు."

మొదట జంగ్‌సిల్ తల ఊపింది. తరవాత మిరే, తరవాత ఒకరి తరవాత ఒకరు. సూన్‌బొక్ అవ్వకు మాటల్లో సగం వినబడలేదు, అయినా అందరికన్నా గట్టిగా ఊపింది. దొక్‌చాన్ ఊగిన తలలు లెక్కపెట్టుకుని షిన్ చేతిలోంచి కలం తీసుకున్నాడు.

ఆటుపోట్లు అనుకూలించి, మునిగే రోజులు మళ్లీ వచ్చాయి. మొదటిరోజు పొద్దున శుభానికని కొత్త బండి చక్రాల మీద బియ్యపు కల్లు చల్లారు. ఆడవాళ్లు ఒక్కొక్కరే చిన్న మెట్టెక్కి కూర్చున్నారు. సూన్‌బొక్ అవ్వకు కిటికీ పక్క సీటు. మేవోల్ అవ్వ ముందు కూర్చుని, రబ్బరు తొడుగు చేతులతో స్టీరింగు పట్టుకుని, అద్దం సరిచేసుకుంది. బండి చప్పుడు లేకుండా స్టార్టయింది.

దొక్‌చాన్ కిటికీల్లోంచి తలలు లెక్కపెట్టుకుంటూ బండి పొడుగునా నడిచాడు. బల్ల దగ్గరికి పోయి, పాత అంకె తుడిచి, ఎనిమిది రాశాడు.

బండి కదలలేదు. హారన్ మోగింది. దొక్‌చాన్ వెనక్కి తిరిగి చూసి, వెళ్లమని చెయ్యి ఊపాడు. హారన్ ఇంకా గట్టిగా మోగింది, ఆగలేదు. పడవల దగ్గరివాళ్లు కూడా పని ఆపి చూశారు.

"ఏంటి పెద్దమ్మా, ఏమైంది?" అని పరుగెత్తుకొచ్చాడు.

మేవోల్ అవ్వ అద్దం దించింది. "తోలేదాన్ని కూడా లెక్కపెట్టు. నేనూ మునుగుతున్నా."

దొక్‌చాన్ మళ్లీ బల్ల దగ్గరికి నడిచాడు. ఈసారి చొక్కా చేతితో తుడవలేదు. తడిగుడ్డ తెచ్చి, బల్లంతా శుభ్రంగా తుడిచి, పెద్దగా తొమ్మిది రాశాడు. అప్పుడు గానీ ఆమె బ్రేకు మీంచి కాలు తియ్యలేదు.