జయరామ్ సర్కిల్

పాకాల దాటి కొంతదూరం పోగానే "జయరామ్ సర్కిల్, దిగాల్సినోళ్లు దిగండి" అని కండక్టరు కేక వేశాడు. కాలేజీ పిల్లలు, కూలీలు దిగి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. ఆ పేరు రోజూ ఎందరి నోళ్లలోనో నలుగుతుంది. ఆ మనిషి ఎవరని మాత్రం ఎవరూ అడగరు.

చివరగా దిగిన చెంగయ్యకు తెలుసు. తిరుపతిలో ఒక లాడ్జి గేటు దగ్గర కాపలా ఉండే ఈ మాజీ సైనికుడు ఏటా ఇదే రోజున ఇక్కడికి వస్తాడు. కార్గిల్ కొండల్లో కాలికి తూటా తగిలి పడిపోయిన తనను బండచాటుకు లాగి, మరొకరి కోసం మళ్లీ వెళ్లి ప్రాణం విడిచిన స్నేహితుడు జయరామ్. నిరుటిదాకా జయరామ్ తల్లి నాగరత్నమ్మ ఉండేది. ఇద్దరూ స్మారక స్తంభానికి మాల వేసి, సాయంత్రం వరకు అతని గురించే మాట్లాడుకునేవారు. మొన్న చలికాలంలో ఆమె కన్నుమూసింది. ఈసారి చెంగయ్య ఒక్కడే.

స్తంభం కనిపించలేదు. ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ దాన్ని పూర్తిగా కప్పేసింది. పక్కనే ఈమధ్యే టీకొట్టు పెట్టిన సుజన దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, ఆ ఫ్లెక్సీ రవ్వంత జరిపితే మాల వేసుకోని పోతాను."

"ఎవురికి పెద్దాయనా?"

"జయరామ్‌కు."

"ఆయన సచ్చిపోయినాడా? ఈడ ప్లాట్లు వేసిన ఆసామి పేరనుకుంటాండాను."

చెంగయ్యకు కోపం రాలేదు. బెంచీ మీద కూలబడ్డాడు. జయరామ్ నవ్వు ఎలా ఉండేదో చెప్పుకోవడానికి ఈ ఊళ్లో తనకిక ఎవరూ లేరు.

"వానికి రాగిసంగటంటే ప్రాణం" అన్నాడు మెల్లగా. "మంచులో కూర్చోని చపాతీ తింటా, వాళ్లమ్మ సంగటి ముద్ద గురించి చెప్పేవాడు. పాట రాదు, అయినా పాడేవాడు. ఇరవై మూడేళ్లోడు. నన్ను బతికించి, ఇంకోడు ఉండాడని మళ్లా పోయినాడు. వద్దురా అంటే, ఈడే ఉండు, వస్తానన్నాడు."

సుజన స్టవ్ ఆపింది. "మా పిల్లోడికీ అదే వయసు" అంది. స్టూలు ఎక్కి చాకుతో ఫ్లెక్సీ తాళ్లు కోసేసింది.

"కట్టినోళ్లు వచ్చి అడిగితే?"

"అడగనీ. ఈ రాయి ఎవురిదో చెప్తాను."

చెంగయ్య మాల వేసి, నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు. సుజన చేతులు జోడించింది.

"ఇన్నేండ్లు ఈ రాయి ఈడే ఉన్నా మాకెవురికీ తెలీలేదు పెద్దాయనా."

"వాడి డ్యూటీ వాడు చేసినాడమ్మా. వాడెవురో పిల్లోళ్లకు చెప్పేది మన డ్యూటీ. అది మనమే చెయ్యలేదు."