మేడ మీద అక్కతో అన్న మాట

ఫోనుంటే చాలు, మనిషి పక్కనున్నట్టే అంటారు కొందరు. అన్నవాళ్ళని పట్టుకెళ్ళి ఆ గదిలో ఒక్క నెల పడేయాలి. ఒకదానిమీద ఒకటి ఇనప మంచాలు, తెరిస్తే పక్క భవనం గోడ తప్ప మరేదీ కనపడని కిటికీ, గదిలో అందరి ఫోన్లకీ కలిపి ఒకే ఒక్క ప్లగ్గు. పక్కనున్నట్టో కాదో అప్పుడు తెలుస్తుంది.

మన లిఫ్ట్ మెకానిక్ ఆ గదిలో, తలుపు పక్క కింది మంచం మీద, ఏడాదికి పైగా కాలం వెళ్ళదీస్తున్నాడు. పరాయి దేశం. ఆకాశానికి నిచ్చెన వేసినట్టుండే మేడలకి లిఫ్టులు బిగించే పని. పొద్దున్నే ఆ నిలువు బావిలాంటి గోతిలోకి దిగడం, పైనుంచి వేలాడే తీగకి గుండు కట్టి పట్టాలు నిటారుగా ఉన్నాయో లేదో చూడటం, బోల్టు బిగించడం, మళ్ళీ చూడటం. తీరా లిఫ్టు ఆడటం మొదలయ్యేసరికి ఇతన్ని ఇంకో మేడకి తోలేస్తారు. జనాన్నందర్నీ పైకి చేర్చే మనిషి తను మాత్రం మెట్లెక్కి మోకాళ్ళు పట్టుకుంటాడు. దీనికి నవ్వాలో ఏడవాలో అతనికి తెలీదు. పక్క మంచం వెల్డరు మాత్రం రోజూ నవ్వుతాడు.

ఇంటి దగ్గర భార్య జాకెట్లు కుడుతుంది. వీధిలో అందరికీ టైలరమ్మ. రెండో తరగతి చదివే కూతురుంది. బళ్ళో పేరేదైనా ఇంట్లో అది బుడంకాయే.

మొదట్లో బాగానే ఉండేది. సాయంత్రం పని దిగగానే వీడియో కాలు. తల్లీకూతుళ్ళిద్దరూ ఒకే తెరలోకి తలలు ఇరికించుకుని, నేనంటే నేనని ఎగబడి మాట్లాడేవాళ్ళు. "నాన్నా, అక్కడ కాకులుంటాయా? మన కాకుల్లాగే అరుస్తాయా?" నెలలు గడిచేకొద్దీ మాటలు అరిగిపోయాయి. "తిన్నారా?" "తిన్నా. నువ్వు?" "తిన్నాను. ఇంకేంటి?" ఈ 'ఇంకేంటి' ఉంది చూశారూ, అది వచ్చిందంటే ఇక మాటల్లేవని అర్థం. మొగుడూ పెళ్ళాల మధ్యకి ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆ దిక్కుమాలిన మాట!

చివరికి టైలరమ్మే ఉపాయం చెప్పింది. "ఎదురుబొదురుగా మొహాలు చూసుకుంటూ కూర్చోడానికి నాకెక్కడ కుదురుతుందండీ? దారాల డబ్బాకి ఫోను ఆనించి పెడతాను. నా కుట్టు నేను కుట్టుకుంటాను, మీ పని మీరు చూసుకోండి. ఏదైనా తోచినప్పుడు మాట్లాడుకుందాం."

అది కుదిరింది. అతనికి కనపడేది సగం గోడ, ఫ్యాను రెక్క, అప్పుడప్పుడూ ఆవిడ మోచెయ్యి. కానీ వినపడేది ఇల్లు. మిషను చప్పుడు, కుక్కరు కూత, బుడంకాయ ఎక్కాలు తప్పుల తడకగా అప్పజెప్పడం, వీధిలో ఎవరో ఎవరినో పిలవడం. అతను చెవిలో వైరు పెట్టుకుని, చొక్కాలు ఉతుక్కుంటూ, ఉల్లిపాయలు తరుక్కుంటూ, ఆ ఇంట్లోనే తిరుగుతున్నట్టు తిరిగేవాడు. ఒక్కోసారి గంటసేపు ఇద్దరూ ఒక్క ముక్క మాట్లాడేవాళ్ళు కాదు. అప్పుడు ఉన్నట్టుండి బుడంకాయ ఏదో వాగి తల్లిని పగలబడి నవ్వించేది. నేనున్నానన్న సంగతే మర్చిపోయారు కాబోలు, నాతో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ ఇలా నవ్వరే అనుకునేవాడు. ఆ పూట అన్నం సహించేది కాదు.

ఇలా ఉండగా ఒప్పందం గడువు దగ్గరపడింది. ఇంకో రెండేళ్ళు ఉంటావా, వచ్చే నెల వెళ్ళిపోతావా, ఈ వారంలో తేల్చి చెప్పమంది కంపెనీ. వెళ్ళిపోవాలని అతని ప్రాణం కొట్టుకుంటోంది. ఇంటి దగ్గర పనికి కొదవా అంటే అదీ లేదు. పాత యజమాని ఎప్పుడొస్తే అప్పుడే పనన్నాడు. మరి సుబ్బరంగా వెళ్ళొచ్చుగా? అక్కడే ఉంది తిరకాసు. 'వచ్చేయండి' అని ఆవిడ నోటితో అనాలి. ఆ ఒక్క మాట కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు.

ఆవిడ అనదు. ఎందుకనదంటే, చేసుకున్న ఖర్మ ఇతగాడిదే. బుడంకాయ కడుపులో ఉండగా ఇలాంటి ఉద్యోగమే ఒకటి వస్తే, ఆవిడ చెయ్యి పట్టుకుని "వెళ్ళొద్దండీ" అంది. ఆగాడు. ఆగినవాడు ఊరుకోవాలా వద్దా! కూరలో ఉప్పెక్కువైనా, బండికి పంక్చరైనా అదే పాట: "నువ్వా రోజు కాళ్ళకి అడ్డం పడకపోతే ఈపాటికి నేనెక్కడుండేవాణ్ణో!" ఏళ్ళ తరబడి అలా దెప్పాడు. దెప్పి దెప్పి ఒకరోజు ఆవిడ చేత రెండు చేతులూ ఎత్తించాడు. "మీకో దణ్ణం. ఈ జన్మలో మిమ్మల్ని ఉండమనను, రమ్మనను" అంది. మళ్ళీ విదేశం పిలుపు వచ్చినప్పుడు నోరు మెదపకుండా పెట్టె సర్దిచ్చింది. మాట మీద నిలబడే మనిషితో వచ్చే చిక్కే అది.

"కంపెనీవాళ్ళు అడుగుతున్నారు," అన్నాడు ఒకరోజు, తేలిగ్గా అన్నట్టు.

"మీరేమనుకుంటున్నారు?"

"నాదేముంది, నీ ఇష్టం."

"నాదేముందండీ, మీ ఇష్టం."

నాలుగు రోజులు ఇదే వరస. వెల్డరుకి ఒళ్ళు మండింది. "అన్నా, అడగందే అమ్మైనా పెట్టదు. వస్తున్నానని వదినకి చెప్పేసి విమానం ఎక్కు."

"తనే అనాలిరా."

"మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెతుంది, పూర్తిగా చెప్పమంటావా?"

"నోర్ముయ్," అన్నాడు.

గడువు రేపనగా సాయంత్రం అతను బకెట్లో చొక్కాలు నానబెట్టి ఉతుకుతున్నాడు. చెవిలో ఇల్లు నడుస్తోంది. ఎవరో లోపలికొచ్చిన చప్పుడు. గొంతుని బట్టి మేడ మీద వాటాలో ఉండే అక్క.

"నా జాకెట్టు ఎంతవరకొచ్చిందే? ఈసారి చంకల దగ్గర పట్టేసిందంటే ఊరుకోను."

"నువ్వు ఒళ్ళు చేస్తే నేనేం చెయ్యనక్కా! ఇదుగో, హుక్కులే మిగిలాయి."

"అవునూ, మీ ఆయన వచ్చే నెల వచ్చేస్తున్నట్టేనా?"

మిషను ఆగింది. బకెట్లో అతని చేతులు కూడా ఆగాయి. నురగ చేతుల మీదే ఆరిపోతున్నా కదల్లేదు.

"ఏమోనక్కా. ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నారట. ఉంటేనే మంచిది. ఆయనకక్కడ హాయిగా ఉంది. మాకూ అలవాటైపోయింది."

"అదేం మాటే!"

"నిజం. పూటపూటకీ వంకలు పెట్టేవాళ్ళు లేరు. ఇల్లు ప్రశాంతంగా ఉంది," అని నవ్వింది కూడా.

అతను సబ్బు చేత్తోనే ఫోను కట్టేశాడు. మంచం మీద కూలబడ్డాడు. మొహం ముందైతే ఎవరైనా సర్దిచెబుతారు, చాటుగా అన్నదే అసలు మాట అనుకున్నాడు. తను లేకపోతే ఇల్లు ప్రశాంతంగా ఉందట! ఇన్నాళ్ళూ చెవిలో పెట్టుకుని తిరిగిన ఆ ఇంట్లో తనకి చోటే లేదన్నమాట. ఏడుపొచ్చింది. చుట్టూ మనుషులుండగా ఏడవలేక, మళ్ళీ వెళ్ళి ఉతికిన చొక్కాలే ఉతికాడు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకెళ్ళి, రెండేళ్ళకీ సంతకం గీకేశాడు.

సాయంత్రం ఫోను చేశాడు. ఎప్పట్లాగే సగం గోడ, ఫ్యాను రెక్క.

"సంతకం పెట్టేశాను. ఇంకో రెండేళ్ళు ఇక్కడే."

మిషను చప్పుడు ఆగిపోయింది. "మంచిది," అని వినపడింది.

అతనికి ఎక్కడో కాలింది. "మంచిది కాక ఏమవుతుంది! నీకు ప్రశాంతం. వంకలు పెట్టేవాళ్ళు లేరు. అలవాటైపోయింది కదా!"

"ఎవరన్నారు?"

"నువ్వే. నిన్న మేడ మీద అక్కతో. నేను లైన్లో ఉన్నానని మర్చిపోయినట్టున్నావ్. అంతా విన్నాను."

గోడ కదిలింది. ఫ్యాను గిర్రున తిరిగి, తెర నిండా ఆవిడ మొహం వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మర్చిపోవడమేంటండీ? ఫోను ఆనించింది నేను. పని చేసుకుంటూ పదిసార్లు దాని వంక చూసేది నేను. మీకు వినపడాలనే అన్నాను."

"వినపడాలనా?"

"రమ్మంటే వచ్చేస్తారు. వచ్చాక బతికినంతకాలం దెప్పుతారు. ఒకసారి పడ్డాను, చాలదూ? మీకు ఉండాలనుంటే మా మొహాలు చూసి వచ్చేయకూడదని, మనసు రాయి చేసుకుని, నవ్వు తెచ్చిపెట్టుకుని అన్నాను. మీరు చటుక్కున పెట్టేశారు. అప్పుడు అక్క ముందు ఎంత ఏడ్చానో ఆవిణ్ణే అడగండి."

అతను ఫోను రెండు చేతులా పట్టుకున్నాడు.

"మీకు రావాలనుందా?" అంది.

"ఉంది. మొదటి నెల నుంచీ ఉంది."

"అయ్యో! వచ్చేయండి మరి. నేనే అంటున్నాను. వచ్చేయండి."

ఎన్నాళ్ళుగా ఎదురుచూసిన మాట! చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా ఆఫీసుకి పరుగెత్తాడు. మేనేజరు తాళం వేసి వెళ్ళిపోబోతూ ఆగి విన్నాడు. మంచివాడే. విని తల అడ్డంగా ఊపాడు. "మధ్యాహ్నం లోపల వచ్చినా కుదిరేదేమో. నీ బదులు రావాల్సినవాణ్ణి మధ్యాహ్నమే వేరే చోటికి పంపేశారు. కాగితాలు పైకి వెళ్ళిపోయాయి. ఇప్పుడు నా చేతుల్లో ఏం లేదు." బతిమాలాడు. కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. మేనేజరు భుజం తట్టి, దీపం ఆర్పి వెళ్ళిపోయాడు.

వీధిలో పని దిగినవాళ్ళు గుంపులు గుంపులుగా నడుస్తున్నారు. సగం మంది ఫోన్లో మాట్లాడుతున్నారు. ఒక్కళ్ళ భాషా అతనికి తెలీదు. అందరూ మాత్రం ఒకటే చెబుతున్నట్టున్నారు, బాగున్నాను బాగున్నాను అని. గోడవారగా నిలబడి ఇంటికి ఫోను చేశాడు. ఒక్క మోతకే ఎత్తింది.

"కుదరదన్నారే."

వెనకనుంచి బుడంకాయ "నాన్న వచ్చేస్తున్నాడా అమ్మా?" అంటోంది.

"పోనీలెండి," అంది ఆవిడ. "తప్పు మీదొక్కరిదే కాదు. ఫోను ఆనించి పెట్టనా?"

"వద్దు. నీ మొహం కనపడేలా పట్టుకో."

పట్టుకుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు. అతన్ని దాటుకుంటూ మనుషులు వెళ్తున్నారు.

"ఎలా ఉన్నారు?" అంది.

రోజూ అడిగే ప్రశ్నే. నోరు తెరవగానే అలవాటైన జవాబు రాబోయింది. ఆపుకున్నాడు.

"బాలేనే," అన్నాడు. "వచ్చిన రోజు నుంచీ ఒక్కరోజు కూడా బాలేను."

"నేనూ అంతేనండీ," అంది.