సావిత్రి చేతిలో పడ్డ కోటు

మా ఆవిడ సావిత్రి దృష్టిలో లోకంలో రెండే రకాల మనుషులు: ఒంటికి సరిపడా బట్టలు వేసుకున్నవాళ్ళు, ఇంకా తన షాపుకు రానివాళ్ళు. ఈ పరాయి దేశంలో మేముండే శాండ్రింగ్‌హామ్ పేటలో తొమ్మిదేళ్ళుగా ఆల్టరేషన్ షాపు నడుపుతోంది. వదులు బట్ట కంటపడితే ఆవిడ చెయ్యి ఊరుకోదు. మా పదో పెళ్ళిరోజు ఫొటోలో నేను ఊపిరి బిగబట్టుకుని ఉంటాను. ఆ చొక్కా ఆవిడ కుట్టిందే.

మొన్న గురువారం మా అమ్మాయి అక్షర ఒక నల్ల కోటు తెచ్చి షాపులో పెట్టింది. అక్షరకు ఊరి అవతలి కొసన ఆల్బనీలో ఉద్యోగం, సాయంత్రాలు హిప్‌హాప్ డ్యాన్సు. శనివారం ప్రోగ్రామ్ ఉందని డ్యాన్స్ మాస్టరు కర్టిస్ తన కోటు వేసుకొమ్మని ఇచ్చాడు. ఆయన న్యూయార్క్ నుంచి వచ్చి ఇక్కడ సెటిలైన నల్లజాతి మనిషి. ఆ కోటును ఎవరినీ ముట్టుకోనివ్వడట. "ఒక గుండీ లూజైంది, అదొక్కటే కుట్టు మమ్మీ" అని చెప్పి అక్షర బస్సెక్కింది.

సావిత్రి గుండీ కుట్టి, కోటు ఎత్తిపట్టి చూసింది.

"ఏందయ్యా ఇది? ఇందుల మన బిడ్డ లాంటోళ్ళు ముగ్గురు పడుతరు."

"ఫ్యాషనేమో" అన్నాను.

"ఏం ఫ్యాషను? అవ్వ టైలరయ్యుండి, బిడ్డను గిట్ల పంపిందా అంటరు."

రెండు పక్కలా మడిచి, లైనింగ్ మీంచే మిషన్ నడిపేసింది. నేను ఆపలేదు. ఆవిడను ఆపే అలవాటు నాకు లేదు.

శుక్రవారం సాయంత్రం అక్షర కోటు చూసి స్టూలు మీద కూలబడింది. అరవలేదు. అందుకే నాకు భయమేసింది.

"మమ్మీ, ఇది సర్ వాళ్ళ అక్క కుట్టింది. ఆమె చనిపోయింది. ఇదొక్కటే మిగిలింది."

మెల్లగా అంతా చెప్పింది. కర్టిస్ చిన్నప్పుడు వాళ్ళ వీధి కుర్రాళ్ళకు నచ్చే బట్టలు పెద్ద కంపెనీలు కుట్టేవి కావు. వాళ్ళక్క, ఇద్దరు స్నేహితురాళ్ళు తామే కుట్టి, వీపున పసుపు దారంతో సొంత బ్రాండు పేరు వేసి, కారు డిక్కీలో పెట్టుకుని అమ్మారు. నల్లవాళ్ళ బ్రాండు ఎవరు కొంటారని తిప్పి పంపిన షాపులే, ర్యాపర్లు ఆ బట్టలతో టీవీలో కనబడ్డాక వాళ్ళ గుమ్మం ముందు నిలబడ్డాయి. జనం ఎగబడింది ఆ వదులు కోసమేనట. మా ఆవిడ సరిగ్గా దాన్నే తీసేసింది.

సావిత్రి కోటు లాక్కుని తిరగేసింది. "కత్తెర పెట్టలే బిడ్డా. బట్ట కోసుడు నాకు అలవాటు లేదు. మడిచి లోపల్నే ఉంచిన. విప్పుత" అంది.

శనివారం పొద్దున్నే కూర్చుంది. తన కుట్టు విప్పబోతే పాత కుట్టు తెగుతుందేమోనని లైనింగ్ అంచు కొంచెం తెరిచి, లోపల చూస్తూ ఉండిపోయింది. అంతలో కర్టిస్ వచ్చాడు. దాచలేక అక్షరే ఫోన్లో చెప్పేసిందట. యాభై ఏళ్ళుంటాయి, మనిషి నాకు రెండింతలు. కౌంటర్ ముందుకొచ్చి కోటు కేసి చూశాడు.

సావిత్రి క్షమించమని అడగడం కూడా మర్చిపోయింది. లైనింగ్ తెరిచి చూపించింది.

"ఈ మడత నాది కాదు సారూ. మీ అక్కది. ఇది కుట్టినప్పుడు మీకు ఎన్నేండ్లు?"

అక్షర ఇంగ్లీషులో చెప్పింది. పద్నాలుగు అన్నాడు.

"ఇంకా పెరుగుతరని బట్ట ఉంచింది. మా దిక్కు మేమూ పిల్లలకు గిట్లనే ఉంచుతం."

అక్షర చెప్పడం అయ్యేసరికి కర్టిస్ వేలితో ఆ మడత తడుముతున్నాడు. ఇన్నేళ్ళూ తనకు తెలియదన్నాడు. గుండీలు పట్టక పదేళ్ళుగా హ్యాంగర్‌కే వేలాడదీశానన్నాడు. సావిత్రి టేపు తీసి ఆయన ఛాతీ కొలిచింది.

మధ్యాహ్నానికి తన కుట్లూ విప్పింది, అక్క మడతలూ విప్పి మళ్ళీ కుట్టింది. వెలుగు తగలని బట్ట రెండు పక్కలా కొత్త నలుపు చారలా బయటపడింది. కర్టిస్ కోటు తొడుక్కున్నాడు. గుండీలన్నీ పట్టాయి. అంత మనిషీ ఏడ్చేశాడు, నాకూ కన్నీళ్ళు ఆగలేదు.

కాసేపటికి మొహం తుడుచుకుని, సాయంత్రం ప్రోగ్రామ్ గుర్తొచ్చి, కోటు విప్పి అక్షరకు ఇవ్వబోయాడు. అక్షర రెండడుగులు వెనక్కి వేసింది.

"ఆ బట్ట మీకోసం ఉంచింది సర్" అంది. "నేను డాడీ రెయిన్‌కోట్ వేసుకుంటా. మమ్మీ ఇంకా బిగించనిది అదొక్కటే."