చందనం పెట్టని పటం

పటం అద్దం మీద నోటి ఆవిరి ఊది, మెత్తటి పాతగుడ్డతో తుడిచి, రంగమ్మాళ్ దాన్ని వెలుగుకెత్తి అనుమానంగా చూసింది. పురుగు దూరిందేమో! చట్రం వెనక ఎండిన వేపాకు తీసి కొత్తది దోపింది. పురుగుల మీదే కాదు, ఆమెకు పాలవాడి మీదా అనుమానమే, వంటింటి పిల్లి మీదా అనుమానమే. ఇంగ్లీషు రాణిగారి దొరతనం వచ్చిన కొత్తలో కోయంబత్తూరు నుంచి బండిలో పెట్టె తెచ్చి ఈ ఫొటోలు తీసిన దొర, ఇంట్లో అందరి ఆయుష్షూ తలా కాస్త పీల్చుకుపోయాడని ఇప్పటికీ ఆమె నమ్మకం.

అన్నూరు దగ్గరి ఆ నాయుళ్ల ఇంటికి రంగమ్మాళ్ చిన్నతనంలోనే తాళి తెగి తిరిగొచ్చిన ఆడపడుచు. ఇల్లు ఇప్పుడు ఆమె అన్న కొడుకులది. పటాలను కాపాడటమే ఆమె పని. వాటిమీద పేర్లు రాసే అలవాటు ఆ ఇంట లేదు. పోయినవాళ్ల అద్దానికి చందనం బొట్టు పెడతారు, బతికున్నవాళ్లది ఉత్త అద్దం. చచ్చినవాళ్లకు విధవ చెయ్యి తప్పులేదని ఆ బొట్టు ఆమె చేతే పెట్టించేవారు. ఆమె పెట్టిందంటే ఊరంతా నమ్మేది.

ఆ పొద్దున చిన్నవాడు బాలసుందరం చందనపు గిన్నె తెచ్చి ముందు పెట్టాడు.

"అత్తా, అన్న పటానికి బొట్టు పెట్టు. కండీ కాఫీతోటలో జొరమొచ్చి పోయినాడంట."

తలుపు పక్కన, సింహళంలోని ఆ కాఫీతోటకు పోయిన పెద్దవాడి పెళ్లాం వేదవల్లి కొయ్యబారిపోయింది. మొగుడు బతికున్నంతకాలం అతని పాలి చేను ఆమె చేతిలో ఉంటుంది. పోయాడంటే, కొడుకుల్లేని మనిషి, తాళి తీసేసి మూల కూర్చుని మరిది పెట్టింది తినాలి. ఆ మూల బతుకు ఎలాంటిదో రంగమ్మాళ్‌కు ఒకరు చెప్పాలా!

"యారు సెప్పినారు?"

"సందైలో, సంతకొచ్చిన ఒక ఆళు."

"ఆ ఆళును పిలుచుకోని రా."

"వాడు తుడియలూరు తట్టు పోయినాడు. నామీదే సందేహమా నీకు?"

"నీమీద ఏంటికిరా సామీ, నాకు అందరి మీదా సందేహమే."

అంటూనే చందనంలో వేలు ముంచి, బాలసుందరం పటాన్నే లాగి, దాని నుదుటన ఇంత బొట్టు పెట్టింది!

"అయ్యయ్యో! ఏమి సేసినావు అత్తా! నేను ఉసురుతో ఉండానే!"

"నువ్వు పోయినావని నాకూ ఒక ఆళు సెప్పినాడు. ఒక ఆళు సెప్తే సాలదా?"

బాలసుందరం పైపంచెతో అద్దం తుడిచాడు. చందనం పోయాక కూడా తుడిచాడు. చేని దారి పట్టాడు.

రంగమ్మాళ్ రోజూలాగే గంజి తాగి, ఉప్పు ఎవరో కావాలనే తగ్గించారని గొణిగింది. మధ్యాహ్నం తిన్నె మీద పడుకుంది. దీపాల వేళ వేదవల్లి లేపబోతే లేవలేదు. నిద్రలోనే పోయింది. ముఖం మాత్రం ఇంకా ఎవరినో అనుమానిస్తున్నట్టే ఉంది.

శవానికి నీళ్లు పోయడానికి చీర మారుస్తుంటే అత్త కొంగున ముడి తగిలింది. వేదవల్లి విప్పింది. మగవాళ్లు చెవికి పెట్టుకునే ఎర్రరాయి కడుక్కన్, ఒక్కటే. పెళ్లిలో తన తండ్రి అల్లుడికి పెట్టిన జతలోది. పోయిన వానల్లో కండీ నుంచి వచ్చానన్న ముసలాయనొకడు పెరట్లో రంగమ్మాళ్‌తో చాలాసేపు గుసగుసలాడి వెళ్లాడు. ఎవరత్తా అనడిగితే, "పొగాకు అమ్మేవాడు, తిరుట్టు నాయాలు" అని దొంగను తిట్టినట్టు కసిరేసింది.

అయితే మరిది చెప్పింది నిజమే! అత్తకు ఆ వానల నాడే తెలుసు! ఏడుపు తన్నుకొచ్చింది వేదవల్లికి. ఎంతసేపైనా ఏడవొచ్చు, అత్త పోయినందుకే అనుకుంటారు. బయట బాలసుందరం పాడెకు వెదుళ్లు తెమ్మని ఎవరికో చెబుతున్నాడు. ఆమె మెడలోని తాళిని ఒకసారి తడుముకుని, కడుక్కన్‌ను తన కొంగున వేసి, పళ్లతో పట్టి గట్టిగా ముడి బిగించింది. గుడ్డలోంచి దాని మొన నడుముకు గుచ్చుకుంటూనే ఉంది.