ఉమామహేశ్ పేర్చిన కట్టెలు

"కట్టెలు పేర్చేదానికి పొద్దంతా కావాల్నా?" అన్నాడు మా ఆయన ఉమామహేశ్, వరండాలో కాఫీ తాగుతూ. చలికాలం. ట్రాక్టరు అప్పుడే పచ్చి తుమ్మకట్టెలు కుమ్మరించి పోయింది. నేను అడుగున రాళ్లు పరుస్తున్నాను. కట్టె నేలకు తగిలితే చెద పడుతుంది. ఒకదానికొకటి అతుక్కుంటే లోపలి తడి ఆరదు. అడ్డంగా ఒక వరుస, నిలువుగా ఒక వరుస, మధ్యలో గాలి పోయే సందు. పెళ్లయి కోడుమూరు వచ్చినప్పటి నుంచీ ఇది నా వంతే, కానీ దీన్ని ఇంట్లో ఎవరూ పని అనరు. చేతిలో ముల్లు విరిగితే మాత్రం "చూసుకోని చేయాల" అంటుంది మా అత్త హంపమ్మ. ఆ రోజు ఎందుకో నడుము పట్టుకుని లేచి, "అట్లయితే నువ్వే పేర్చు" అన్నాను.

పేర్చాడు. నేల మీదే, గోడకు ఆనించి, సందన్నది లేకుండా దట్టించి, పైనుంచి కిందిదాకా టార్పాలిన్ చుట్టి తాళ్లతో బిగించాడు. "గాలి ఆడాల" అన్నాను. "కట్టెలు ఊపిరి పీలుస్తాయా?" అని నవ్వి, పక్కన నిలబడి ఫోటో తీయించుకుని బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. చప్పట్లు, దండాలు, ఎవరో కిరీటం కూడా పంపారు.

ఆయన మోటార్ల షాపుకు పోగానే నా చేతులు ఊరుకోలేదు. ఆయన సగం బిగించిన కుళాయి, ఆయన నోరు జారిన చోట బంధువులకు నేను చెప్పిన సర్దుబాట్లు, అన్నీ ఇలా ఆయన చూడకుండా చక్కబెట్టినవే. ఇదీ విప్పి పేర్చేస్తే ఎవరికీ తెలియదు. తాడు ముడి దాకా పోయాను. ముట్టుకోకుండా వచ్చి పడుకున్నాను. పెళ్లయ్యాక పగటిపూట పడుకోవడం అదే మొదలు.

ఎండలు ముదిరాక కల్లూరు నుంచి ఆయన చిన్నాన్న కొడుకు రంగనాథ్ భార్యతో వచ్చాడు. కట్టెల పొయ్యి మీద చేసిన సంగటి, నాటుకోడి పులుసే కావాలన్నాడు. టార్పాలిన్ విప్పితే బూజు. వాకిట్లో పొయ్యి ముట్టిస్తే కట్టె కొసన నురగ వచ్చింది గానీ మంట రాలేదు. పొగ మాత్రం చుట్టాలను వెతుక్కుంటూ వరండాలోకి పోయింది.

"ఏమే హులిగెమ్మా, పొయ్యి ముట్టించేది కూడా మర్చిపోయినావా?" కుర్చీలోంచే అరిచాడు ఉమామహేశ్.

మా అత్త దగ్గుకుంటూ వచ్చింది. "ఈ కట్టెలు ఎవురు పేర్చినారు?"

"మనోడే గదా పెద్దమ్మా! ఫోటో చూసి మేమంతా మెచ్చుకుంటిమి" అన్నాడు రంగనాథ్, కళ్లు తుడుచుకుంటూ.

నేను ఊదుగొట్టం తీసుకుపోయి మా ఆయన చేతిలో పెట్టాను. "నువ్వు పేర్చిన కట్టెలు. నీ మాటే వింటాయి, పో."

చుట్టాల ముందు కాదనలేక పోయి పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఊదాడు. బూడిదంతా మీసాల మీద పడింది. నేను ఖాళీ అయిన కుర్చీలో, ఫ్యాను కింద కూర్చున్నాను. కాళ్లు రెండూ పొయ్యి వైపే తిరిగి ఉన్నాయి. ఆయన మళ్లీ దగ్గగానే లేవబోయాను.

మా అత్త వచ్చి పక్కన కూర్చుని నా మోకాలి మీద చెయ్యేసి గట్టిగా నొక్కింది.

"నాకూ శానా ఆకలైతాండాది" అంది. "అయినా లేయొద్దు."